శుక్రవారం విప్పిన ఉత్తరం

"కవర్లు ఎన్ని రాసినవు, నాయనా?"

"మూడు వందల పన్నెండమ్మా."

"ఆఫీసుల ఎన్ని ఇచ్చినవు?"

"మూడు వందల పదకొండు."

కామాక్షమ్మ చేతిలో పెన్సిలు ఆగింది. ఎనిమిది రోజులుగా పోలీసులూ, పేపరువాళ్ళూ, డబ్బు పెట్టినవాళ్ళూ ఈ మనిషిని అడగని ప్రశ్న లేదు. ఆ ఒక్క కవరు సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు.

రెండు వేల ఒకటి, మార్చి పదో తేదీ, శనివారం. ఉదయం తొమ్మిదీ ఇరవై. నాంపల్లిలో ఆనంద్ పాల్ ఇంటి ముందుగది.

ఆనంద్ పాల్ మెదక్ వైపు మనిషి. టెలిఫోన్ల ఇంజినీరు ఉద్యోగం వదులుకుని అబిడ్స్‌లో నీలధార సెక్యూరిటీస్ అనే షేర్ల కంపెనీలో చేరాడు. ఫోన్ల కంపెనీల్లో ఏది పైకొస్తుందో, ఏది మునుగుతుందో కనిపెట్టి వారం వారం ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాయడం అతని పని. ఆ ఉత్తరాన్ని నమ్మి రిటైరైన గుమాస్తాలూ, టీచర్లూ, నర్సులూ దక్కన్ టెలీలింక్ షేర్లు కొన్నారు. మార్చి రెండో తేదీ శుక్రవారం బజారు మూసే వేళకు ఆ షేరు కుప్పకూలింది. ఆ సాయంత్రమే వాళ్ళలో ఒకడు, వామన్‌రావు అనే రిటైర్డు గుమాస్తా, నీలధార మేడ వెనకమెట్ల మీద మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. చేతిగడియారం నాలుగూ నలభై దగ్గర ఆగిపోయింది. కావలివాడు చూసేసరికి ఐదూ పది.

దూకేశాడన్నారు. పాల్ చివరిదాకా కొనమనే రాశాడు, అందుకే దూకాడన్నారు. పాల్ ఏమో, "నేను అమ్మేయమని రాసిన" అంటాడు. ఆ ఉత్తరం చూసినవాడు ఒక్కడూ లేడు.

కామాక్షమ్మకు ఈ కేసు ఇచ్చింది వామన్‌రావు భార్య పద్మ. డబ్బు కోసం కాదు, ఎవరినో జైల్లో పెట్టించాలనీ కాదు. ఆమె అడిగింది ఒక్కటే. "అక్కా, గా రోజు షేర్లు అమ్ముతనన్నడు. శుక్రవారం పూట అమ్మొద్దని నేనే ఆపిన. నా మాట వల్లనే పోయిండా? గది తెలుసుకోని చెప్పు. ఏదైనా సరే, చెప్పు."

ముప్పై ఏళ్ళు అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసిన మనిషి కామాక్షమ్మ. చదువు ఏడో తరగతి. ఏ వీధిలో ఏ ఇంటికి ఏ ఊరినుంచి ఉత్తరాలొచ్చేవో ఇప్పటికీ చెప్పగలదు. రిటైరయ్యాక నాంపల్లిలో గది కిరాయికి తీసుకుని డిటెక్టివ్ పని పెట్టుకుంటే నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళ ఇళ్ళలో దొంగతనాలు జరిగినప్పుడు వాళ్ళూ ఆ గదికే వచ్చారు.

పాల్ భార్య తబిత టీ తెచ్చింది. ఒక్క గ్లాసే తెచ్చింది. లెంటు రోజులు, క్రైస్తవుల ఉపవాసకాలం. సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా పాల్ ఏమీ ముట్టడు. ఈ వారం ప్రార్థన అయ్యాక కూడా ముట్టడం లేదని అతని చొక్కా కాలరు చూస్తేనే తెలుస్తోంది.

"ఆ మిగిలిన ఒక్క కవరు ఏమైంది?"

"దాని మూత అంటుకోలే. గోందు ఎండిపోయుండె. ఇంటికి తెచ్చిన."

"ఏ రోజు?"

"ఫిబ్రవరి ఇరవై నాలుగు, శనివారం. మధ్యాహ్నం రెండింటికి మిగతావన్నీ మా కంపెనీ ఓనరు కిషన్ సేఠ్ టేబులు మీద పెట్టిన. పోస్టు చేయిస్తనన్నడు."

"ఇంట్ల దేంతోని అంటించినవు?"

లోపలినుంచి తబిత జవాబిచ్చింది. "అన్నం మెతుకులతోని. నేనే అంటించిన, ఆంటీ."

"డబ్బాల ఎప్పుడు వేసినవు?"

"ఆదివారం పొద్దున, చర్చికి పోతూ. ఎనిమిదిన్నరకు. పెద్ద పోస్టాఫీసు ముంగట."

"దాని మీద పేరు?"

పాల్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "యాదికొస్తలేదమ్మా. ఎనిమిది రోజులనుంచి గదే గుర్తు చేస్కుంటున్న."

"నాయనా, జర ఇను. ఆదివారం డబ్బాల పడ్డదానికి సోమవారం ముద్ర పడ్తది. ఇరవై ఆరు. కొనమన్న ఉత్తరాలు నేను పన్నెండు ఇళ్ళల్ల చూసిన. అన్ని కవర్ల మీద ఇరవై ఏడు. సంతకం నీదే."

"తెల్లకాగితాల మీద ముందుగాలనే సంతకాలు తీస్కుంటడు సేఠ్. నేను ఊర్లె లేనప్పుడు పనికొస్తయని."

"ఇంజినీరు చదువు చదివినవు గద నాయనా, తెల్లకాగితం మీద సంతకం పెడ్తరా?"

ఆ మాట పాల్ తనను తాను ఎన్నిసార్లు అడుక్కున్నాడో.

*

పదకొండూ పావుకి కామాక్షమ్మ పద్మ ఇంట్లో ఉంది. రెండు సందులు దాటితే ఆ ఇల్లే.

ఇంకా మైల తీరలేదు. రేపు పదో రోజు. పద్మ వంటింటి గోడకు ఆనుకుని కింద కూర్చుంది. నుదుట బొట్టు పెద్దగానే ఉంది. రేపటిదాకా ఉంటుంది.

"వామన్‌రావుకు ఉత్తరాలు వస్తె ఏం చేసేటోడు, పద్మా? ఉత్తరం తలుపు కాడికొచ్చిన కాడ్నుంచి చెప్పు."

"షేర్ల ఉత్తరాలా? ఇప్పకపోతుండె. తెచ్చి లక్ష్మీదేవి ఫోటో ముంగట పెడుతుండె. శుక్రవారం దీపం పెట్టినంక ఇప్పుతుండె. నేను కాగితం మూలకు బొట్టు పెట్టాలె. గప్పుడు చదువుతుండె. నేను నవ్వుతుంటి, పెండ్లి పత్రికనా ఏందని."

"గా శుక్రవారం ఎన్ని ఇప్పిండు?"

"రెండు. రెండిటికీ బొట్టు పెట్టిన. చదివి, శానసేపు కూసున్నడు. ఒక దాంట్ల అమ్మమని ఉన్నది, ఇంకో దాంట్ల కొనమని ఉన్నది, అమ్మేస్తనే అన్నడు. నేనే..." పద్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "లక్ష్మీదేవి దినం గద, శుక్రవారం. ఇంట్లకెళ్ళి లక్ష్మిని పంపిస్తరా అన్న. సరే అన్నడు. ఎన్నడూ నా మాట కాదనలే అక్కా. గా రోజన్న కాదంటె ఏమైతుండె?"

కామాక్షమ్మ దేవుడి అలమారు వైపు తిరిగింది. ఆ రోజునుంచీ మైల కాబట్టి ఆ ఇంట్లో దేవుడి అలమారు ఎవరూ ముట్టలేదు. పోలీసులు కూడా బీరువా తీశారు, పెట్టె తీశారు, దేవుడి జోలికి పోలేదు. ఎనిమిది రోజుల కిందటి పూలు ఎండి గోధుమరంగుకు వచ్చాయి. కుందిలో వత్తి కాలిపోయి నల్లగా ఉంది.

"నేను ముట్టొచ్చునా?"

"నువ్వు ఇంటిదానివి గాదు గద. ముట్టు. ఇంటికి పోయినంక తానం చెయ్యి."

ఫోటో వెనక ఖాళీ కవర్లు రెండు. ఒకదాని మీద ముద్ర ఇరవై ఏడు. రెండోది వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఇరవై ఆరు. మూతను గోటితో తడిమింది. అంచున గరుకుగా తగిలింది. ఎండిన అన్నం మెతుకు.

మూడు వందల పన్నెండు మందిలో నిజం చేరింది ఈ ఒక్క ఇంటికే. ఇక్కడ అది శుక్రవారం దాకా దేవుడి ముందు ఎదురుచూసింది.

"ఇప్పిన ఉత్తరాలేవి?"

"జేబుల పెట్టుకోని పోయిండు. పెద్దాసుపత్రోళ్ళు ఇచ్చిన బట్టలల్ల ఏమీ లెవ్వు."

అలమారులో పాత ఉత్తరాల కట్ట ఉంది. ప్రతి కాగితానికీ పైన కుడిమూల కుంకుమ బొట్టు. కామాక్షమ్మ ఒకటి, రెండు, పది తిరగేసింది. ప్రతి బొట్టుకూ నడిమధ్య సన్నటి గీత, అక్కడ కుంకుమ అంటలేదు.

"నీ వేలు చూపియ్యి."

పద్మ ఉంగరపు వేలు చాపింది. "చిన్నప్పుడు కత్తిపీట మీద తెగింది."

కామాక్షమ్మ ఒక పాత ఉత్తరాన్నీ, మెతుకంటిన కవర్నూ సంచిలో పెట్టుకుంది.

*

నాలుగింటికి నీలధార మేడ మూడో అంతస్తులో సమావేశం. పెట్టుబడిదార్లు పాల్‌ను నిలబెట్టి అడుగుతారట. మూడున్నరకే మెట్ల దగ్గర డెన్నిస్ నిలబడ్డాడు. పోలీసు ఉద్యోగం వదిలేసి అబిడ్స్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నవాడు. టై, నడుముకు సెల్‌ఫోన్. ఈ కేసులో అతన్ని పెట్టుకుంది కంపెనీ యజమాని కిషన్ సేఠ్.

"మేడమ్, మీకేం పని గీడ? పోస్టేమన్న ఉంటే కింద డబ్బాల వేసిపోండి."

"వేద్దామనే వచ్చిన బాబూ. నన్ను మెట్లు దింపే ఫికర్ నీకెందుకు?"

"ఇది ఫైనాన్షియల్ మ్యాటర్. మీకు సమజ్ కాదు. పాల్ ఫోర్జరీ చేసిండు. నా దగ్గర ప్రూఫ్ ఉన్నది. ఇయ్యాల అందరి ముంగట పెడ్త."

"నీ ప్రూఫ్ ఏందో గాని, జర భద్రంగ పట్టుకో."

కిషన్ సేఠ్ వచ్చాడు. ఉస్మాన్‌గంజ్‌లో మూడు తరాల మిర్చి, పసుపు వ్యాపారం వాళ్ళది. తెలుగు బాగా మాట్లాడతాడు, తెలుగు చదవడం మాత్రం రాదు.

"సేఠ్ సాబ్, ఒక్క మాట. గా శుక్రవారం వామన్‌రావు మిమ్మల్ని కలిసిండా?"

"నై అమ్మా. ఆయన ముఖమే చూడలే. నేను నాలుగింటికే ఉస్మాన్‌గంజ్ పోయిన. ఖబర్ ఇని రాత్రి పరుగెత్తుకొచ్చిన. బహుత్ అచ్ఛా ఆద్మీ."

కామాక్షమ్మ తల ఊపింది. నాలుగింటికి పోయాడు. ముఖం చూడలేదు. రెండు మాటలూ మనసులో రెండు అరల్లో పడేసుకుంది.

*

అరవై మంది వచ్చారు. కుర్చీలు చాలక గోడలకు ఆనుకున్నారు. పాల్ బల్ల పక్కన నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

భావనారాయణ లేచాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. "పాల్ సారూ, ఇంటింటికీ ఫోనొస్తదన్నరు. వచ్చింది. మోగితె చాలు, అల్లుడు తిడుతుండు. గీ కంపెనీ ఎందుకు ఎంచిన్రో గది జెప్పుండ్రి."

ఒకరిద్దరు నవ్వి, వెంటనే ఆపేశారు.

"ఫోన్లు వస్తయన్న మాట అబద్ధం గాదు సార్. ఇంకా వస్తయి," అన్నాడు పాల్. "కాని కంపెనీలు తీగలు మోతాదుకు మించి వేసినయి. ఒక్క బస్సు పోయే ఊరికి అప్పుజేసి నూరు రోడ్లు వేసినట్టు. నాకు జనవరిలనే అనుమానమొచ్చింది. ఇంకో నెల చూద్దామనుకున్న. ఆ నెల నా తప్పు."

"తప్పంటవు, మల్ల కొనమని ఎందుకు రాసినవ్?" నర్సుగా చేసిన బెత్సీ లేచి నిలబడింది. "సండే స్కూల్ల మా పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషివి. షేర్లు గీర్లు నాకేం తెల్సు? నీ ముఖం చూసి పెట్టిన."

"అమ్మమని రాసిన, బెత్సీ ఆంటీ."

"ఏదీ? ఎవలికొచ్చింది? చెయ్యెత్తుండ్రి!" భావనారాయణ చుట్టూ చూశాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. పాల్ చూపు నేల మీద పడింది.

"నేను చూపిస్త." డెన్నిస్ ముందుకొచ్చాడు. ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం పైకెత్తాడు. "ఇదే ఆ ఉత్తరం. అమ్మమని ఉన్నది. డేటు ఫిబ్రవరి ఇరవై నాలుగు. కాని ఎవరికీ పోలేదు. ఎందుకు? షేర్ పడ్డంక వెనక తారీఖు వేసి టైపు చేసిండు. సొంత డ్రాయర్‌ల దాచిండు!"

హాలంతా గోల. పాల్ తెల్లబోయి చూస్తున్నాడు.

కామాక్షమ్మ గోడ దగ్గరనుంచే అడిగింది. "డెన్నిస్ బాబూ, నీకెవరిచ్చిన్రు?"

"సేఠ్ సాబ్. డ్రాయర్‌ల దొరికిందని."

"ఎన్నడు?"

"షేర్ పడ్డ శుక్రవారమే. అర్జంటుగ రమ్మని ఫోన్ చేసి, కింద కారుల కూసోని ఇచ్చిండు. నాలుగూ యాభై అయిదు. నా డైరీల నోట్ ఉన్నది." డెన్నిస్ గర్వంగా అన్నాడు. "నేను టైం రాయకుండ ఏదీ తీస్కోను, మేడమ్."

"నాలుగింటికే ఉస్మాన్‌గంజ్ పోయిన్రు గద, సేఠ్ సాబ్?"

సేఠ్ రుమాలు తీశాడు. "కార్ల... దారిల..."

"సరే. బాబూ, గా కాగితం కుడిమూల ఏమున్నది?"

డెన్నిస్ కళ్ళు చిట్లించాడు. "ఏదో మరక. ఇంకు గావొచ్చు."

"నీకు మరకే. చర్చికి పోయే ఇంట్ల పుట్టినోడివి, నీ తప్పు గాదు. పాల్ బాబూ, నువ్వు ఉత్తరాలకు కుంకుమ పెడ్తవా?"

"కుంకుమనా? మా ఇంట్లనే ఉండదమ్మా."

ఆమె సంచిలోంచి పాత ఉత్తరం తీసి ఆ కాగితం పక్కన పెట్టింది. రెండు బొట్లు. రెండిటి నడుమా ఒకే సన్నటి గీత.

సేఠ్ ఆ కాగితాన్ని చేత్తో పట్టుకున్నాడు, చదివాడు, దాంతో పాల్‌ను ఎలా ఇరికించాలో ఆలోచించాడు. బొట్టు మాత్రం అతనికి కనిపించలేదు. పుట్టినప్పటినుంచీ వాళ్ళ దుకాణంలో బొట్టు లేని చిట్టా లేదు, బిల్లు లేదు. కళ్ళకు అంత అలవాటైన దాన్ని కళ్ళు చూడవు.

"గది నా వేలే."

అందరూ వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర పద్మ. మైలలో గడప దాటి, అబిడ్స్ దాకా నడిచొచ్చింది. ఎవరో నొచ్చుకున్నట్టు ఏదో అనబోయి ఊరుకున్నారు. పద్మ మెల్లగా వచ్చి ఉంగరపు వేలు చాపి చూపించింది. ఎవరికీ ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"శుక్రవారం పొద్దున పద్మ బొట్టు పెట్టిన కాగితమిది," అంది కామాక్షమ్మ. "దీని కవరు నా దగ్గరున్నది, తబిత అంటించిన మెతుకు గూడ ఉన్నది. మధ్యాహ్నం వామన్‌రావు జేబుల పెట్టుకోని ఎల్లిండు. నాలుగూ నలభైకి పడ్డడు. ఐదూ పదికి గాని పడ్డ సంగతి ఎవలికీ తెల్వదు. నాలుగూ యాభై అయిదుకు గా జేబుల కాగితం మీ చేతులకెట్ల వచ్చింది, సేఠ్ సాబ్?"

సేఠ్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ధర పడకముందే మీ సొంత టెలీలింక్ షేర్లు అమ్ముడుపోవాల్నంటె కొనేటోళ్ళు ఉండాలె. గందుకే మూడు వందల పదకొండు కవర్లు ఆపి, తెల్లకాగితం మీద సంతకం పనికి తెచ్చుకున్నరు. ఒక్కటి తప్పించుకోని పోయింది."

డెన్నిస్ అప్పుడు మొదటిసారి కాగితాన్ని తిప్పి చూశాడు. వెనక పెన్సిలుతో, పలచగా, తెలుగులో వరసగా పేర్లు. పేరు పక్కన ఫోన్ నంబరు.

"చదువు," అంది కామాక్షమ్మ.

"సౌభాగ్య టీచర్. భావనారాయణ. బెత్సీ సిస్టర్..." అతను చదువుతూ పోయాడు. పేరు వినబడినవాళ్ళు ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. "ఇరవై రెండు పేర్లు. మొదటి పేరుకు ఒక్కదానికే టిక్కు ఉన్నది."

హిమాయత్‌నగర్ నుంచి వచ్చిన సౌభాగ్య టీచర్ కుర్చీలోంచే చెయ్యెత్తింది. "నాకు ఫోన్ చేసిండు," అంది. "గా శుక్రవారం రెండున్నరకు. ఎస్టీడీ బూత్‌కెళ్ళి. 'టీచరమ్మా, నావి సోమవారం అమ్ముకుంట, మా ఇంటామెకు మాటిచ్చిన. మీరు మాత్రం ఇయ్యాలే అమ్మేయుండ్రి' అన్నడు. కొత్త ఉత్తరంల కొనమనే ఉన్నది గద, నువ్వేం పెద్ద తెలిసినోడివని కోప్పడ్డ. నవ్విండు. 'నా మాట ఎవలు నమ్ముతరు? రెండు ఉత్తరాలు తీస్కపోయి సేఠ్ నోటితోనే చెప్పిస్త' అన్నడు." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎనిమిది రోజులనుంచి గొంతుల పెట్టుకున్న. సిగ్గయి చెప్పలే."

సేఠ్ లేచి వెనకమెట్ల తలుపు వైపు రెండడుగులు వేశాడు. డెన్నిస్ అతనికన్నా ముందు వెళ్ళి గడియ పెట్టాడు. తలుపుకు వీపు ఆనించి సెల్‌ఫోన్ తీశాడు. ఎవరి జీతం తింటున్నాడో ఆ మనిషి ముఖం వైపు చూడకుండానే పోలీసు నంబరు నొక్కాడు.

కామాక్షమ్మ పద్మ భుజం మీద చెయ్యి వేసింది. "ఇన్నవా? నీ మాటకు కట్టుబడ్డందుకు పోలేదు, పద్మా. వీళ్ళందరికి చెప్పాలని పోయిండు. అమ్మొద్దన్న మాట ఆయన్ని ఏం చేయలే."

పద్మ చాలాసేపు ఆ పెన్సిలు పేర్లనే చూసింది.

"నీకు సగమే చెప్పిన, అక్కా," అంది. "అమ్మొద్దన్న. గని మనసుల గిట్ల పెట్టుకోని ఇంట్ల కూసోకుండ్రి, సేఠ్ కాడికే పోయి అడిగిరాండ్రి అని, చెప్పులు తెచ్చి ముంగట పెట్టింది గూడ నేనే."

కామాక్షమ్మ ఆమె భుజం మీది చెయ్యి తీయలేదు. పాల్ బల్ల పక్కనుంచి వచ్చి పద్మ ఎదుట చేతులు జోడించి నిలబడ్డాడు. పద్మ అతన్ని చూడలేదు. కింద వీధిలో జీపు ఆగిన చప్పుడు వినిపించింది. డెన్నిస్ ఆ కాగితాన్ని మళ్ళీ ప్లాస్టిక్ కవరులోకి తోస్తున్నాడు.

"జర పైలంగ, బిడ్డా," అంది పద్మ. "గా బొట్టు చెరగనీయకు. రేపు నాది తీసేస్తరు."